చలికాలం అల్లికలకు ఇప్పుడే నూలు సిద్ధం చేసుకుందాం: వరంగల్ చుట్టుపక్కల వాళ్లు రండి

హన్మకొండ సూదులు
సెప్టెంబర్ 6, రాత్రి 9:40

అందరికీ నమస్తే. పోయినేడాది నవంబర్‌లో చలి తగలగానే ఊలు కొన్నాను. బాబు స్వెట్టర్ పూర్తయ్యేసరికి ఫిబ్రవరి వచ్చింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అట్లనే పోయింది. వాడు దాన్ని ఒక్క పొద్దు వేసుకున్నాడు. మొన్న అల్మారా సర్దుతూ తొడిగి చూస్తే చేతులు పొట్టిగా అయిపోయాయి. నాకు చాలా బాధనిపించింది.

అందుకే ఈసారి వానలు ఉండగానే మొదలుపెట్టాలనుకుంటున్నాను. బాబుకు ఆరేళ్లు, వాడికి ఒక స్వెట్టర్. మా అత్తమ్మకు ఒక శాలువా. వీలైతే చిన్నపిల్లల టోపీలు కొన్ని. ఇంట్లో పాత ఊలు ఉండలు ఏడెనిమిది ఉన్నాయి, కొన్నింటికి లేబుళ్లు లేవు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? ఎంత నూలు కొనాలి? మీరంతా ఎట్లా ప్లాన్ చేసుకుంటారు?

కాజీపేట క్వార్టర్స్
సెప్టెంబర్ 6, రాత్రి 10:25

బిడ్డా, ముందు కుట్లు లెక్కపెట్టుకో. రోజులు ఎన్ని పడతాయో దాంట్లోనే తేలుతుంది. నేను పెళ్లయి రైల్వే క్వార్టర్స్‌కు వచ్చినప్పుడు పక్కింటి బిహార్ అక్క దగ్గర సీదా, ఉల్టా కుట్లు నేర్చుకున్నాను. ఆమె నేర్పిన మొదటి పాఠం ఇదే.

ఆరేళ్ల పిల్లవాడికి ఛాతీ చుట్టుకొలత 60 సెం.మీ. అనుకో. లోపల చొక్కా వేస్తాడు, ఆడుకుంటాడు, కాబట్టి 8 సెం.మీ. వదులు కలిపి 68 పెట్టు. నీ చేతికి 10 సెం.మీ.కు 22 కుట్లు, 30 వరుసలు వస్తాయనుకుంటే చుట్టూ 150 కుట్లు. పొడవు 40 సెం.మీ. అంటే 120 వరుసలు. 150ని 120తో గుణిస్తే ఒక్క ఒళ్లు భాగానికే 18,000 కుట్లు. చేతులు రెండింటికీ ఇంకో 9,000 పైచిలుకు. మొత్తం 27,000 దాటుతాయి.

నిమిషానికి 20 కుట్లు వేస్తే దాదాపు 23 గంటలు. పిల్లలు పడుకున్నాక రోజుకు అరగంట కూర్చునేవాళ్లకు అది 45 రోజుల పని. జోడించడం, మెడ పట్టీ వేరే. నవంబర్‌లో మొదలుపెడితే సంక్రాంతి ఎందుకు దాటిందో చూశావా? నువ్వు ఆలస్యంగా మొదలుపెట్టావు తప్ప నీ చేతిలో లోపమేమీ లేదు. బతుకమ్మ తొమ్మిది రోజులు సూదులు ముట్టవు, ఆ రోజులు కూడా తీసేసి లెక్క వేసుకో.

పరకాల పిల్ల
సెప్టెంబర్ 7, ఉదయం 7:15

అమ్మా, మీ లెక్క నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నాకో సందేహం. యూట్యూబ్‌లో 4 మి.మీ. సూదులు అంటారు. మా దగ్గర దుకాణంలో అడిగితే 8 నంబరా, 10 నంబరా అంటారు. పెద్ద నంబర్ అంటే లావు అనుకొని 12 తెచ్చుకున్నాను. టోపీ అట్టలా గట్టిగా వచ్చింది.

కాజీపేట క్వార్టర్స్
సెప్టెంబర్ 7, ఉదయం 7:50

అది పాత బ్రిటిష్ నంబర్ల లెక్క బిడ్డా. నంబర్ పెరిగితే సూది సన్నబడుతుంది. 8 నంబర్ అంటే 4 మి.మీ., 9 అంటే 3.75, 10 అంటే 3.25, 11 అంటే 3, 12 అంటే 2.75. మామూలు స్వెట్టర్ ఊలుకు ఒళ్లు 8తో, అంచు పట్టీ 10తో అల్లితే సరిపోతుంది. ఆ 12 దాచిపెట్టుకో, సన్న నూలుకు పనికొస్తుంది.

కొత్తవాడ మగ్గం
సెప్టెంబర్ 7, మధ్యాహ్నం 2:30

నాకు అల్లడం రాదు. మాది కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. నా భార్య అల్లుతుంది, ఆమెకు నూలు సిద్ధం చేసేది నేను. ఈ చర్చ చూసి రాయాలనిపించింది.

వరంగల్‌లో ఉండి మనం అల్లిక అంటే ఊలు ఒక్కటే అనుకుంటున్నాం. మన ఊరి చలి ఎంత? డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున గట్టిగా ఉంటుంది, పది గంటలకు ఎండ వస్తే స్వెట్టర్ విప్పేస్తాం. ఈ చలికి నూలు, అంటే పత్తి దారం స్వెట్టర్ చాలు. 1934లో ఆజంజాహి బట్టల మిల్లు పెట్టిన ఊరు మనది. మా తాత అందులోనే పనిచేశాడు. ఎనుమాముల మార్కెట్‌కు ఇంకో నెలలో కొత్త పత్తి రావడం మొదలవుతుంది. 2018లో మన జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత నూలు కళ్లముందు పెట్టుకొని ఎక్కడి నుంచో వచ్చే ప్లాస్టిక్ ఊలు కొనడం నాకు మనసొప్పదు.

కాజీపేట క్వార్టర్స్
సెప్టెంబర్ 7, సాయంత్రం 6:05

తమ్మీ, నీ మాటలో న్యాయం ఉంది. కానీ నేనొకసారి నూలుతో అల్లాను. ఉతికి తీగ మీద వేస్తే బరువుకు సాగి మోకాళ్ల దాకా వచ్చింది. అంచు పట్టీ తిరిగి దగ్గరికి రానేలేదు. నువ్వన్న ప్లాస్టిక్ ఊలు, అదే అక్రిలిక్, తేలిక, తొందరగా ఆరుతుంది, ధర తక్కువ. పొద్దున్నే బండి మీద పిల్లల్ని బడికి దింపేవాళ్లకు గాలి ఆపేది కావాలి. అన్నింటికీ నూలు కుదరదు.

ఆదిలాబాద్ చలి
సెప్టెంబర్ 7, రాత్రి 8:20

వరంగల్ వాళ్లు నూలు వేసుకోండి, మాకు మాత్రం కుదరదు. ఇక్కడ చలికాలంలో రాత్రి ఉష్ణోగ్రత చాలాసార్లు ఒక అంకెకు పడిపోతుంది. నేను పొద్దున ఆరింటి బస్సుకు పోతాను. లోపల నూలు బనియన్, పైన అసలైన ఉన్ని స్వెట్టర్ ఉంటేనే ఆగగలం. అక్రిలిక్‌లో కూడా అంత వెచ్చదనం ఉండదు. ఉన్ని తడి పీల్చుకున్నా వెచ్చగానే ఉంటుంది, మంచులో పోయేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

లేబుల్ లేని ఉండల గురించి అడిగారు కదా. చిన్న ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకొని, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకొని కాల్చి చూడండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేలితో నలిపితే పొడి అవుతుంది. నూలు కాగితంలా కాలుతుంది, మెత్తటి బూడిద. అక్రిలిక్ కరిగి గట్టి నల్లపూసలా ముద్ద కడుతుంది, ఆ వేడి ముద్దను ముట్టుకోకండి.

హన్మకొండ సూదులు
సెప్టెంబర్ 7, రాత్రి 10:10

ఇప్పుడే కాల్చి చూశాను. ఎనిమిదిలో ఆరు అక్రిలిక్, రెండు నూలు. ఉన్ని అనుకొని ఎక్కువ ధర పెట్టి కొన్న నీలం ఉండ కూడా నల్లపూసే అయింది.

కొత్తవాడ అన్నా, బాబుకు నూలు స్వెట్టరే అల్లాలని ఉంది. వాడికి అక్రిలిక్ వేస్తే మెడ దగ్గర చెమట, దురద. కానీ నేత నూలు చాలా సన్నం కదా, సూదులతో ఎట్లా అల్లేది? కాజీపేట అమ్మ చెప్పినట్టు సాగకుండా ఏం చేయాలి?

కొత్తవాడ మగ్గం
సెప్టెంబర్ 8, మధ్యాహ్నం 3:15

వివరంగా రాస్తాను, కొంచెం పెద్దదే అవుతుంది.

ముందు నూలు నంబర్ తెలుసుకోవాలి. 840 గజాలు ఒక చిలప. ఒక పౌను బరువులో అట్లాంటి చిలపలు ఎన్ని వస్తే అంత నంబర్. కాబట్టి నంబర్ పెరిగితే పోగు సన్నం, అమ్మ చెప్పిన సూదుల లెక్క లాగానే. 20 నంబర్ పోగులు రెండు కలిపి పురివేసిన దాన్ని రెండు ఇరవై అంటాం. అది బరువుకు 10 నంబర్‌తో సమానం. 840ని 10తో గుణిస్తే పౌనుకు 8,400 గజాలు, అంటే గ్రాముకు దాదాపు 17 మీటర్లు.

మీరు అల్లే ఫోర్ ప్లై ఊలు 100 గ్రాములకు 400 మీటర్ల దగ్గర ఉంటుందని నా భార్య చెప్పింది. రెండు ఇరవై పోగులు నాలుగు కలిపితే 100 గ్రాములకు 420 మీటర్ల పైన వస్తుంది, ఇంచుమించు అదే లావు. ఎనిమిది కలిపితే 210 మీటర్లు, అది 8 నంబర్ సూదికి తగిన లావు. బాబు స్వెట్టర్‌కు ఎనిమిది పోగులు పెట్టండి.

పోగులన్నీ ఒకే బిగువుతో రావాలి. చిలపను నేరుగా ఉండ చుట్టొద్దు. ముందు రాట్నం మీద కండెలకు ఎక్కించుకొని, ఎనిమిది కండెల నుంచి ఒకేసారి లాగండి. ఒక పోగు వదులైతే అది అల్లికలో ఉచ్చులా పైకి లేస్తుంది. పురి లేకుండా ఊరికే కలిపితే సూది మొన పోగుల మధ్యలో దూరుతుంది. అందుకే కొద్దిగా పురి వేయాలి, రెండు ఇరవైకి ఉన్న పురికి ఎదురు దిశలో. అదే దిశలో వేస్తే తాడులా మెలికలు పడుతుంది. పురి ఎంతో తెలియాలంటే మీటరు పొడవు పట్టుకొని రెండు కొసలు దగ్గరికి తేండి. మెల్లగా ఒకటి రెండు చుట్లు తిరిగితే సరి, గబగబా మెలి పడితే ఎక్కువైనట్టు. తర్వాత మళ్లీ చిలపలా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, తడిపి నీడన వేలాడదీస్తే పురి నిలుస్తుంది.

రంగు వేయని తెల్ల కోరా నూలు తెచ్చుకుంటే ఉడకబెట్టకుండా రంగు వేయొద్దు. పత్తికి సహజంగా మైనం ఉంటుంది, నీళ్లు జారిపోతాయి. స్టీలు గిన్నెలో నిండా నీళ్లు పోసి, చెంచాడు వాషింగ్ సోడా వేసి గంటసేపు సన్న మంట మీద ఉంచండి. నీళ్లు డికాషన్ రంగులోకి మారితే మైనం దిగినట్టు. అల్యూమినియం గిన్నె వాడొద్దు, సోడాకు అది పాడవుతుంది. నల్లా నీళ్లతో మూడుసార్లు జాడించండి.

రంగు నూలు కొంటే తడి తెల్లగుడ్డతో గట్టిగా నొక్కి చూడండి. గుడ్డకు అంటితే ఆ నూలును తెల్లదాని పక్కన అల్లొద్దు. ఉప్పు నీళ్లలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు ఆగుతుందని చాలామంది చెబుతారు. ఉప్పు రంగు వేసేటప్పుడు పోగుకు పట్టడానికే సాయం చేస్తుంది, వేసిన తర్వాత కారే రంగును ఆపదు. నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకడమే దారి.

సాగడం గురించి అమ్మ చెప్పింది నిజం. నూలుకు ఉన్నిలా తిరిగి ముడుచుకునే గుణం లేదు. తీగ మీద వేలాడదీయకుండా చాప మీద పరిచి ఆరబెట్టాలి. మిగతాది అల్లేవాళ్లు చెప్పాలి.

కాజీపేట క్వార్టర్స్
సెప్టెంబర్ 8, సాయంత్రం 5:40

చాప మీద ఆరబెట్టాలని నాకెవ్వరూ చెప్పలేదు తమ్మీ. ఆ స్వెట్టర్ పాడైందని ఇన్నేళ్లు నూలును తిట్టుకున్నాను.

మిగతాది నేను చెప్తా. నూలుతో అంచు పట్టీ రెండు సైజులు సన్న సూదితో వేయండి, కుట్లు కూడా పదో వంతు తగ్గించండి. భుజం కుట్టు దగ్గర సన్న పట్టీ పెట్టి కుడితే బరువుకు భుజం జారదు. జాలీ డిజైన్‌లు పెద్ద స్వెట్టర్లకు వద్దు, అవి ఇంకా సాగుతాయి.

సిరిసిల్ల
సెప్టెంబర్ 8, రాత్రి 9:00

మా దగ్గర మరమగ్గాల వాళ్లు మిగిలిన దారం కోన్లు తక్కువ ధరకు ఇస్తారు. అల్లికకు తెచ్చుకునే ముందు కాల్చి చూసుకోండి. చాలావరకు పాలిస్టర్ పోగు, సూది మీద జారుతుంది, కుట్టు నిలవదు. నేను మూడు కోన్లు తెచ్చి కొక్కెంతో సంచులు అల్లేశాను, అవి మాత్రం గట్టిగా ఉన్నాయి.

జగిత్యాల గొంగడి
సెప్టెంబర్ 9, ఉదయం 6:50

ఆదిలాబాద్ అన్న ఉన్ని మాట తీశాడు కాబట్టి చెబుతున్నాను. మాది కురుమల ఇల్లు, మా నాయన గొంగళ్లు నేసేవాడు. దక్కనీ గొర్రెకు ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. చేత్తో వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేస్తారు. వానలో, మంచులో గొర్ల కాడ పండుకునేటోళ్లకు అదే ఇల్లు.

దాంతో స్వెట్టర్ అల్లొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. ఒంటికి తగిలేవి వద్దు, పోగు ముతక, గుచ్చుతుంది. చిన్నపిల్లలకు అస్సలు వద్దు. సంచులు, కూర్చునే ఆసనాలు, పడకల కింద పట్టాలు అల్లుకోండి, తరతరాలు ఉంటాయి. వేడి నీళ్లలో వేసి రుద్దితే మాత్రం కుంచించుకుపోయి అట్ట కడుతుంది. ఆ నల్లరంగు గొర్రెది, వేసిన రంగు కాదు. ఈ ఉన్ని కొనేవాళ్లు లేక చాలాచోట్ల కత్తిరించి పారేస్తున్నారు. మీలో ఒక్కరు ఒక్క ఆసనం అల్లినా నాకు సంతోషం.

ఆదిలాబాద్ చలి
సెప్టెంబర్ 9, ఉదయం 8:30

అన్నా, నాకు రెండు కిలోలు కావాలి. బస్సులో కూర్చోవడానికి ఆసనం, ఇంట్లో గడప దగ్గర పట్టా. మెసేజ్ పెడుతున్నాను.

నర్సమ్మ
సెప్టెంబర్ 9, మధ్యాహ్నం 1:10

హన్మకొండ చెల్లె టోపీల గురించి అడిగింది, ఎవరూ చెప్పలేదు. నేను నవజాత శిశువుల వార్డులో పనిచేస్తాను. పుట్టిన బిడ్డకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, తల నుంచి చాలా వేడి పోతుంది. నెలలు నిండకుండా పుట్టిన వాళ్లకు టోపీ చాలా అవసరం.

నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత 33 నుంచి 35 సెం.మీ. ఉంటుంది. అల్లిక సాగుతుంది కాబట్టి 28 నుంచి 30 అల్లండి. తక్కువ బరువు పిల్లలకు ఇంకా చిన్నవి కావాలి, ఏ వార్డుకు ఇస్తారో అక్కడి సిస్టర్‌ను ముందే అడగండి. మెత్తటి నూలు మంచిది, వేడి నీళ్లలో ఉతకొచ్చు. బొచ్చు లేచే ఊలు వద్దు, ముక్కులోకి పోతుంది. గుండీలు, రిబ్బన్లు, పైన కుచ్చులు ఏవీ పెట్టొద్దు. లోపల దారం కొసలు పొడుగ్గా వదలొద్దు, చిన్న వేళ్లకు చుట్టుకుంటాయి. మీరు ప్రేమతో కుచ్చు పెట్టి తెచ్చిన టోపీని మేం కత్తెర పట్టుకొని సరిచేయాల్సి వస్తే ఇద్దరికీ కష్టంగా ఉంటుంది.

ఇంకో మాట. ఇంటికి వెళ్లాక ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు గదిలో నిద్రపోయేటప్పుడు టోపీ అక్కర్లేదు, డాక్టర్ చెబితే తప్ప. ఒళ్లు ఎక్కువ వేడెక్కడం కూడా ప్రమాదమే.

పరకాల పిల్ల
సెప్టెంబర్ 9, సాయంత్రం 4:45

అక్కా, నా 12 నంబర్ సూదులకు పని దొరికింది. నాలుగు పోగుల నూలుతో టోపీలు నేను అల్లుతాను. దసరాలోపు పది.

కరీంనగర్ టీచర్
సెప్టెంబర్ 9, రాత్రి 9:30

చేతులు పొట్టి అయిన స్వెట్టర్ పారేయకండి మేడమ్. విప్పితే ఆ ఊలు మళ్లీ వస్తుంది. ముందు కుట్టు దారం తీసి భాగాలు వేరుచేయండి. చివరగా ముగించిన అంచు నుంచి విప్పండి, మొదలుపెట్టిన వైపు నుంచి విప్పితే చిక్కు పడుతుంది. కుర్చీ వీపుకు చుట్టుకుంటూ పోతే చిలప తయారవుతుంది. నాలుగు చోట్ల కట్టి గోరువెచ్చని సబ్బు నీళ్లలో అరగంట నానబెట్టి నీడన వేలాడదీస్తే వంకరలు చాలావరకు పోతాయి. అక్రిలిక్‌ను ఇస్త్రీ మాత్రం చేయకండి, వేడికి జీవం పోయి వేలాడిపోతుంది. అత్తమ్మ శాలువాకు ఆ ఊలు వాడొచ్చు.

కొత్తగా కొనేటప్పుడు లేబుల్ మీద డై లాట్ నంబర్, అంటే ఒకేసారి రంగు వేసిన ఉండలకు ఇచ్చే నంబర్ చూడండి. ఒక దుకాణంలో నాకు ఒకే రంగు అని ఇచ్చిన ఉండల్లో రెండు వేరే లాట్. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద తెలియలేదు. బడిలో ఎండలో నిలబడితే వీపు మీద అడ్డంగా గీత కనిపించింది. అప్పటికి ఆ నంబర్ ఉండలు దొరకలేదు.

హన్మకొండ సూదులు
సెప్టెంబర్ 21, రాత్రి 10:50

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. వినాయకుడి నిమజ్జనం, తర్వాత బాబుకు జ్వరం.

కొత్తవాడ అన్న చెప్పినట్టు రెండు ఇరవై కోరా నూలు తెచ్చి ఉడకబెట్టాను. నీళ్లు నిజంగానే డికాషన్‌లా అయ్యాయి. ఎనిమిది పోగులు కలపడం చేతకాక రెండుసార్లు చిక్కు పడింది. మూడోసారి మా అత్తమ్మ కండెలు పట్టుకున్నారు, అప్పుడు కుదిరింది. ఆమె పుట్టినింట్లో మగ్గం ఉండేదట. పెళ్లయి ఇన్నేళ్లకు ఆ సంగతి నాకు ఇప్పుడు తెలిసింది.

8 నంబర్ సూదితో 20 సెం.మీ. చదరం అల్లి, ఉతికి, చాప మీద ఆరబెట్టి కొలిచాను. అడ్డం కొలత మారలేదు, 10 సెం.మీ.కు 22 కుట్లే. నిలువు మాత్రం కుంచించుకుంది, 30 వరుసలు ఉన్నవి 32 అయ్యాయి. అంటే అమ్మ చెప్పిన 120 వరుసలు అల్లితే ఉతికాక 37.5 సెం.మీ.యే మిగిలేది. ఇప్పుడు 128 వరుసలు అల్లుతాను. పోయినేడాది నమూనా అల్లకుండానే మొదలుపెట్టాను. చదరం బరువు 20 గ్రాములు, అందులో 10 సెం.మీ. చదరాలు నాలుగు. స్వెట్టర్‌కు 10 సెం.మీ. చదరాలు 41 పడతాయి, ఒక్కోదానికి 5 గ్రాములు అంటే 205. పట్టీలకు, తప్పులకు కలిపి 250 గ్రాములు సిద్ధం చేసుకుంటున్నాను.

అత్తమ్మ శాలువాకు పాత స్వెట్టర్ విప్పాను. బాబు స్వెట్టర్‌కు వరుసలు పెరుగుతాయి కాబట్టి రోజుకు అరగంట సరిపోదేమో, చూడాలి.

కాజీపేట క్వార్టర్స్
సెప్టెంబర్ 21, రాత్రి 11:05

128 సరిగ్గా లెక్కపెట్టావు బిడ్డా. చేతులకు కూడా అదే లెక్క వర్తిస్తుంది, మర్చిపోకు. 96 వరుసలు అనుకున్నవి 102 అల్లు. ఆరేళ్ల పిల్లవాడు చేతులే ముందు పెరుగుతాడు కాబట్టి భుజం నుంచి కిందికి అల్లు, వచ్చే ఏడు మణికట్టు దగ్గర విప్పి నాలుగు వేళ్లు పెంచుకోవచ్చు. అదే కోరా నూలు 50 గ్రాములు పక్కన దాచి ఉంచు.

కొత్తవాడ మగ్గం
సెప్టెంబర్ 22, ఉదయం 9:20

దాచే ముందు ఎండలో బాగా ఆరనివ్వండి, వానాకాలం తేమ నూలులో ఉండిపోతే నల్ల మచ్చలు పడతాయి. మీ అత్తమ్మ పుట్టినింటిది ఏ మగ్గమో అడిగి చెప్పండమ్మా. ఆదివారం ఇంట్లోనే ఉంటాం, వీలైతే ఆమెను తీసుకొని రండి. రాట్నం ఖాళీగా ఉంటుంది, మిగతా నూలు ఇక్కడే కలుపుకుందురు.

హన్మకొండ సూదులు
సెప్టెంబర్ 22, ఉదయం 9:45

జంపఖానాల మగ్గమేనట అన్నా. ఆదివారం పది గంటలకు వస్తాం.